తెల్లగుడ్డ మీద లెక్క

సంతకవిటి దాటాక, కాలువ నీరు అందీ అందని చోట
ముఖలింగం నువ్వుచేను గట్టు మీద మూడు పెట్టెలు.
నాలుగోది అవతల, తుప్పల పక్కన.
ఒక్కో పెట్టె ముందు ఒక తెల్లగుడ్డ,
మా హాస్టలు పాత దుప్పట్లే, మూలలకి రాళ్లు పెట్టి పరిచాను.
పొద్దున ఐదున్నరకి, చీమలు రాకముందే
చచ్చిన తేనెటీగల్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం.

చీమలు ముందొస్తే లెక్క తప్పుతుంది.
వాటికి పరిశోధన అంటే తెలీదు.

మొదటివారం: పదకొండు, తొమ్మిది, పద్నాలుగు.
అన్నీ ముసలివి. రెక్కల అంచులు
అరిగిన చెప్పుల్లా చిరిగి ఉన్నాయి.
పని చేసి చేసి పోయినవాటిని ఎత్తుతుంటే
చేతికి బరువు తెలియదు.

పూత నిండిన బుధవారం పచ్చదోమ కనబడింది.
దోమ వెనకాల వెర్రితెగులు వస్తుంది,
పువ్వు తను పువ్వునన్న సంగతి మరిచి ఆకైపోతుంది.
ముఖలింగం భయం నాకు తెలుసు. కిందటేడు
అతను ఇంటికి మోసుకెళ్లింది ఒక బస్తా.
మందు కొట్టించాడు, ఎనిమిదిన్నరకి,
నువ్వుపూల నోళ్లలో ఈగలు నడుం దాకా దూరి ఉన్న వేళ.

గురువారం మొదటి గుడ్డ మీద ఆరు వందల నలభై రెండు.
రెక్కలు కొత్తవి. నాలుకలు బయటికి సాగి ఉన్నాయి,
ఏదో చెప్పబోయి ఆగినట్టు.
ఇలాంటి మాటలు రాయొద్దని మా సారు ముందే చెప్పారు.
కాగితంలో గడి ఇంతే అడుగుతుంది:
నాలుక లోపలా, బయటా?
బయట అని టిక్కు పెట్టాను.

మధ్యాహ్నం ఒకటి బతికి తిరిగొచ్చింది.
గుమ్మం దగ్గర కాపలా ఈగలు వాసన చూశాయి.
మనిల్లేగానీ మన వాసన కాదని తోసేశాయి.
వెల్లకిలా పడి, తన చుట్టూ తనే తిరిగింది.
నాలుగు నిమిషాల పది సెకన్లు.
అదీ రాసుకున్నాను.

"సాయంత్రం కొట్టించొచ్చుగా, అవి ఇల్లు చేరాక?"
"ఊరికి మిషనొక్కటే పాపా. నా వంతు ఎనిమిదికొచ్చింది.
సాయంత్రానికి డీలరు బావమరిది రాయించీసుకున్నాడు.
నీ ఈగలకి సెప్పు, ఆ పూటకి సెలవెట్టీమని."
నవ్వాడు. గుడ్డ వైపు చూసి ఆగిపోయాడు.
"ఇవన్నీ నా సేను మీదవేనా?"
చెప్పలేకపోయాను.
మూడు కిలోమీటర్లు ఎగిరేదానికి సర్వే నంబరు ఉండదు.

పోల్చడానికి మందు తగలని చేను ఒకటి కావాలి.
ఊరంతా వెతికితే దొరికినవి తవిటమ్మ ముప్ఫై సెంట్లు.
మందు కొనడానికి డబ్బుల్లేక కొట్టలేదు.
నివేదికలో దాని పేరు నియంత్రణ మడి.
ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట.
అందుకని పుట్టగానే పొరుగామెకి అమ్మి
చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కున్నారు.
చావు వచ్చి చూసినా
ఇదేదో చవక సరుకని వదిలేసి పోవాలని.

ఆమె పెట్టె ముందు నూట పద్దెనిమిది.
తవిటమ్మ గొంతుక్కూర్చుని ఒకదాన్ని వేలిమీదికి తీసింది.
"నా సేన్లో మందు నేదు కదమ్మా, మరివేటి?"
గాలి, నీరు, పక్క చేను, ఎగిరే దూరం...
మొదలుపెట్టిన వాక్యం మధ్యలోనే వదిలేశాను.
పుప్పొడి సీసాలు ల్యాబుకి వెళ్లాయి.
జవాబు రావడానికి ఆరు వారాలు.
అప్పటికి నువ్వులు కోసేస్తారు.

మర్నాడు చీకటుండగానే వెళ్లాను.
నాలుగో పెట్టె గుమ్మం ముందు, గుడ్డ మధ్యలో
గుప్పెడు తవుడు.

తవుడికి చీమలు పట్టాయి.
దాంతోపాటు ఈగల్నీ మోసుకుపోతున్నాయి, బారులు కట్టి.
ఆ రోజు లెక్క చెల్లదు.
గడిలో అడ్డగీత గీసి,
కారణం దగ్గర చీమలు అని రాశాను.

తవుడు మాత్రం దులపలేదు.